తోడు వచ్చినవాళ్లు బయట కూర్చోవాలి

ఆ వర్షాకాలం నేను నా సొంత తమ్ముడి మీద పగ తీర్చుకున్నాను. ఈ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది. అదీ చెబుతాను.

వాడు నాకంటే పదకొండేళ్లు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి ఐదేళ్లు. అన్నం కలిపి తినిపించాను, ఎక్కాలు చెప్పాను, జ్వరమొస్తే తడిగుడ్డ వేసి పక్కన కూర్చున్నాను. నేను పెళ్లి చేసుకోలేదు గానీ వాడి పెళ్లి మాత్రం దగ్గరుండి చేశాను. వాడిది డ్రైవింగ్ స్కూలు. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి గేటును గుద్దేసినవాళ్లతో కూడా "పర్లేదండీ, ఇంకోసారి చూద్దాం" అనేవాడు. అంత ఓపిక ఎవరికుంటుందని జనం మెచ్చుకుంటే నేను పొంగిపోయేదాన్ని.

మేడ మీద మూడు గదులు. నేను, వాడు, నా మరదలు. మరదలు పెళ్లికి ముందు మిషను కుట్టేది. మా ఇంటికొచ్చాక మానేసింది. ఎందుకు మానేశావని నేనెప్పుడూ అడగలేదు.

నా మంచం కింద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. అందులో దూది, గాజుగుడ్డ, టేపు, అయోడిన్, కత్తెర. ఉండుండి తమ్ముడు కేకేసేవాడు: "అక్కా, డబ్బా పట్టుకురా. నీ మరదలు మళ్లీ బీరువా తలుపుకి గుద్దుకుంది!" ఒకసారి బీరువా, ఒకసారి బాత్రూము, ఒకసారి మెట్లు. "ఇంట్లో ఆస్పత్రి పెట్టుకుని బయట క్యూలో నిలబడతామా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కట్టు కట్టేసి, మళ్లీ మార్చాల్సిన రోజున గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చిన్న గుర్తు పెట్టి, పక్కన రెండు ముక్కలు రాసేదాన్ని. అది వార్డులో పడ్డ అలవాటు. నెల తిరిగితే కాగితం తిప్పేదాన్ని, దాంతోపాటు గుర్తూ మనసులోంచి పోయేది.

ఆస్పత్రిలో డ్రెస్సింగ్ రూము నాది. ఇరవై ఆరేళ్ల సర్వీసు. వానలు మొదలైన వారంలో ఒక ఆర్డరు వచ్చింది. ఇళ్లలో మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్లను గుర్తుపట్టడం ఎలా, వాళ్లకు ఏం చెయ్యాలి అనే దాని మీద నర్సులందరికీ ఆరు బుధవారాలు క్లాసు. "కట్టు కట్టడానికే చేతులు చాలట్లేదు, ఇప్పుడు మొగుడూపెళ్లాల తగువులు కూడానా?" అని అందరికంటే గట్టిగా సణిగింది నేనే.

క్లాసు చెప్పడానికి వచ్చినావిడ తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. ఆవిడా ఒకప్పుడు నర్సే. మాతో ఒకే ప్రశ్నను వందసార్లు అనిపించేది కాబట్టి ప్రశ్నల మేడం అని పేరు పెట్టుకున్నాం.

"మొట్టమొదటి రూలు," అంది మొదటి రోజే. "తోడు వచ్చినవాళ్లు బయట కూర్చోవాలి. మొగుడైనా, అత్తైనా, అమ్మైనా సరే. పేషెంటు ఒక్కతే లోపల ఉండాలి. అప్పుడు తలుపేసి, ఆమె మొహంలోకి చూసి అడగాలి. 'ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా? ఎవరంటేనైనా భయముందా?' ఏదీ, అనండి."

మేం బళ్లో పిల్లల్లా అన్నాం. క్యాజువాలిటీలో పనిచేసే భారీ మనిషి ఒకావిడ ఉంది. ఏ వేషమిచ్చినా అదరగొట్టేస్తుంది, అందుకే ఆవిణ్ని డ్రామా సిస్టర్ అంటాం. ఆ రోజు మొగుడి వేషం ఆవిడదే. చీపురుకట్ట చంకలో పెట్టుకుని, "మా ఆవిడకి నోరు లేదండీ, ఏదున్నా నన్నడగండి!" అని తలుపుకు అడ్డంగా నిలబడితే నవ్వలేక కడుపు నొప్పొచ్చింది మాకు.

తర్వాత మేడం మనిషి బొమ్మ గీసిన కాగితాలు పంచింది. ముందు వైపు ఒకటి, వీపు వైపు ఒకటి. "జారిపడితే దెబ్బ ఎక్కడ తగులుతుందో నీలం పెన్సిల్‌తో పెట్టండి. ఒకళ్లు కొడితే ఎక్కడ తగులుతుందో ఎర్ర పెన్సిల్‌తో పెట్టండి."

ఇదేమంత బ్రహ్మవిద్యా అనుకున్నాను. అరచేతులు, మోకాళ్లు, మోచేతులు, గడ్డం. నీలం అయిపోయింది. ఎర్రది తీసుకున్నాను. చెవి వెనక. భుజానికి లోపలి వైపు, అంటే వేళ్లతో గట్టిగా పట్టుకున్నచోట. మొహానికి అడ్డం పెట్టుకునే చేతి మీద, మణికట్టుకీ మోచేతికీ మధ్య. మెడ.

అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఈ చోట్లన్నీ నాకు తెలుసు. ఇవన్నీ నేను అయోడిన్ రాసిన చోట్లు, మా ఇంట్లో, మా భోజనాల బల్ల దగ్గర. ఐదేళ్లలో ఒక్కసారైనా ఆ పిల్ల మోకాలు చెక్కుకుపోలేదు.

కాసేపటికి ఒళ్లంతా భగ్గుమంది. నా చేతులతో అన్నం తిన్నవాడు, నా చేతులతోనే తన పాపం కడిగించుకున్నాడు! ఏ ఆస్పత్రిలోనూ ఒక్క చీటీ లేదు, ఒక్క కాగితం లేదు. ఎందుకుంటుంది? ఇంట్లో నర్సుంది కదా.

క్లాసు అయ్యాక మేడం దగ్గరికి వెళ్లాను. "నాకు తెలిసిన ఒక కేసుందండి," అన్నాను. "వాడి కాళ్లు విరగ్గొట్టాలనుంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "వాడు మీకేమవుతాడు?"

నాకు అబద్ధం నోట్లోంచి రాలేదు. "తమ్ముడు."

"అయితే సరిగ్గా వినండి. వాణ్ని నిలదీయకండి. అరిస్తే మీ కోపం చల్లారుతుంది, ఆ రాత్రి దెబ్బలు ఆమెకి పడతాయి. ఏం చెయ్యాలన్నది ఆమె ఇష్టం. ఎప్పుడన్నదీ ఆమె ఇష్టమే. ఇంకోటి, ఆ ప్రశ్న మీరడగకండి."

"నేనెందుకు అడక్కూడదు?"

"మీరు వాడి తరఫు మనిషి."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నా బుద్ధి పోనిచ్చానా? ఇరవై ఆరేళ్ల సర్వీసాయె! మర్నాడు తమ్ముడు డ్రైవింగ్ స్కూలుకి వెళ్లగానే వంటింట్లోకి వెళ్లాను. మరదలు పిండి జల్లిస్తోంది.

"పిల్లా, వాడు నిన్ను కొడుతున్నాడా?"

జల్లెడ ఆగింది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?" అనేశాను. క్లాసులో అనకూడదని చెప్పిన మొదటి మాట అదే.

ఆ పిల్ల తలెత్తింది. కోపంగా కూడా లేదు. "చెప్పాను కదా వదినా."

"ఎప్పుడూ?"

"పెళ్లైన మూడో నెల. చెవి వెనక తెగినప్పుడు. మీరు టేపు వేస్తున్నారు. 'ఆయన కొట్టారు వదినా' అన్నాను. 'వాడి కోపం పాలపొంగు, చప్పున చల్లారిపోతుంది, నువ్వు కాస్త సర్దుకుపో' అన్నారు. టేపు మీద తారీకు కూడా వేశారు."

నాకు గుర్తు లేదు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ మాట నాకు గుర్తే లేదు. కానీ ఆ మాట నాదే. పాలపొంగు అనేది నేనే, చిన్నప్పటినుంచీ వాడి గురించి అందరికీ నేను చెప్పే మాట.

స్టూలు మీద కూలబడ్డాను. మరదలు జల్లెడ పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, అలమర దగ్గరికి వెళ్లింది. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, పిండి డబ్బా ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. అర మీద పరిచిన కాగితాన్ని ఎత్తి నా ఒళ్లో పడేసింది. పాత క్యాలెండర్ కాగితం. తిరగేశాను. పంతొమ్మిదో తారీకు పక్కన ఎర్ర గుర్తు. నా చేతిరాత: "కట్టు మార్చాలి."

"అన్నీ ఉన్నాయి వదినా. ఏటేటా క్యాలెండర్ మార్చేటప్పుడు గుర్తులున్న కాగితాలు నేనే తీసి, బోర్లా తిప్పి ఇక్కడ పరిచాను. వంటింటి అలమరలో కాగితాలు మగాళ్లు ఎత్తి చూస్తారా?"

మూడు అరలూ ఖాళీ చేశాం. ఇరవై మూడు గుర్తులు. ఒక్కోటి చిన్న చుక్కంత ఉందంతే. వేరువేరు నెలల్లో చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. అన్నీ నేల మీద పక్కపక్కన పెట్టి, మొదటినుంచీ మళ్లీ లెక్కపెట్టాను.

"ఇవ్వాళే వాడి సంగతి తేలుస్తాను," అని లేచాను.

"కూర్చోండి," అంది మరదలు. ఐదేళ్లలో ఆ పిల్ల నాతో అలా మాట్లాడటం అదే మొదలు. "మీకిప్పుడు కోపమొచ్చింది. నాకు ఐదేళ్లనుంచీ ఉంది. నేను చెప్పినప్పుడే ఏదైనా."

కూర్చున్నాను. కాగితాలన్నీ ఎక్కడివక్కడ పరిచి, డబ్బాలు సర్దేశాం.

పగపట్టిన మనిషికి అన్నిటికంటే కష్టమైన పని ఏమిటో తెలుసా? పగపట్టినట్టు కనపడకుండా ఉండటం. ఐదు వారాలు వాడికి పొద్దున్నే కాఫీ కలిపిచ్చాను. వాడు నా పక్కన కూర్చుని బత్తాయి వలిచి, తొనలు నా చేతిలో పెట్టేవాడు. "అక్కా, ఈ మధ్య చిక్కిపోతున్నావు" అనేవాడు. ఆ తొనలు వాడు చూస్తుండగానే మింగేదాన్ని. వాడి మంచినీళ్లలో విరేచనాలయ్యే మందు కలపాలని ఎన్నిసార్లు అనిపించిందో! కలపలేదు. అంత చిన్న శిక్ష నాకు చాలదు.

"ఏంటక్కా, బుధవారం బుధవారం ఏం నేర్పిస్తున్నారేంటి?" అనడిగాడు ఒకరోజు.

"రక్తం ఆపడం," అన్నాను.

"ఇన్నేళ్ల సర్వీసులో నీకది కూడా రాదా?" అని పకపకా నవ్వాడు.

"రాదురా," అన్నాను. "ఇప్పుడే నేర్చుకుంటున్నా."

అది మాత్రం నిజం. ఆ క్లాసుల్లో నేను బుద్ధిగా కూర్చుని నేర్చుకున్నాను. పేషెంటు అన్న మాటను అన్నట్టే, ఆమె మాటల్లోనే రాయాలి. దెబ్బ కొలత, రంగు, చోటు, అన్నీ బొమ్మ మీద పెట్టాలి. గొంతు పిసికాడా అని విడిగా అడగాలి, ఎందుకంటే గొంతు మీద చెయ్యి వేసినవాడు ఏదో ఒక రోజు ప్రాణం తీసే అవకాశం ఎక్కువ. ఆ రోజు ఇంటికెళ్లి మరదలి మెడ వంక చూశాను. నా చూపు ఎక్కడుందో గమనించి, ఆ పిల్ల మెల్లగా తలూపింది. ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

మరదలు తన కాగితాలు, రెండు జతల బట్టలు, కుట్టుపని కత్తెర కొంచెం కొంచెంగా నాకిచ్చింది. నా టిఫిన్ సంచిలో పెట్టుకుని ఆస్పత్రిలో నా అరలో దాచాను. తర్వాత క్యాలెండర్ కాగితాలు. వాటి స్థానంలో కొత్త పేపరు పరిచింది. ఇక చివరగా ఒక మాట చెప్పింది.

"ఈసారి మీరు కట్టు కట్టొద్దు వదినా. ఎంత రక్తం కారినా సరే."

"ఈసారి దాకా ఎందుకే? ఇప్పుడే వెళ్లిపోదాం పద. నీ కాళ్లు పట్టుకుంటాను."

"వెళ్లిపోతే పారిపోయిందంటాడు. పుట్టింట్లో మా వాళ్లకి ఫోన్లు చేసి ఏడుస్తాడు. వాళ్లే నన్ను మళ్లీ దింపి పోతారు. రెండుసార్లు దింపారు కూడా. ఈసారి నాకు కాగితం కావాలి. ఆస్పత్రి కాగితం."

మేడంతో చెప్పాను. ఆవిడా ఆ పిల్లని ముందే వచ్చెయ్యమని ఫోన్లో రెండుసార్లు బతిమాలింది. వినలేదు. నేను చెయ్యగలిగింది ఒకటే. బిస్కెట్ల డబ్బా తీసి, దూది, గుడ్డ, టేపు, కత్తెరతో సహా ఆస్పత్రికి పట్టుకెళ్లిపోయాను. ఖాళీ డబ్బా మాత్రం మంచం కింద యథాప్రకారం పెట్టాను.

ఐదో వారం, ఒక ఆదివారం పొద్దున. నేను బట్టలు ఆరేసి వానకి మళ్లీ తీస్తుంటే లోపల ఏదో పడ్డ చప్పుడు. తర్వాత వాడి కేక: "అక్కా, డబ్బా! నీ మరదలు బాత్రూములో జారింది!"

పరుగెత్తాను. మరదలు గోడకి చేరబడి ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంది. మణికట్టు పైన ఎముక వంకర తిరిగింది. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. నేను మంచం కిందనుంచి డబ్బా లాగి, మూత తీసి వాడి ముందు పెట్టాను.

"ఏంటిది, ఖాళీ?"

"అయిపోయాయిరా. ఎముక విరిగినట్టుంది. ఇది నా వల్ల కాదు, ఆస్పత్రికి పద."

వాడు డబ్బా మూత పెట్టేశాడు. "రేపు చూద్దాంలే…"

"రేపటికి చెయ్యి పోతుంది. అందరూ నిన్నే అడుగుతారు, ఎందుకు తీసుకురాలేదని."

జనం ఏమనుకుంటారో అన్న మాట వాడి మీద పనిచేస్తుందని నాకు తెలుసు. పెంచింది నేనే కదా. కారు వాడే నడిపాడు. వాన్లో, సిగ్నల్ దగ్గర ముసలాయనకి దారిచ్చి మరీ.

క్యాజువాలిటీలో డ్రామా సిస్టర్ డ్యూటీ. వాడు అలవాటు ప్రకారం బల్ల మీదకి వంగి మొదలెట్టాడు. "బాత్రూములో జారిందండీ. ఎన్నిసార్లు చెప్పినా చూసుకోదు…"

"మీరు బయట కూర్చోండి," అంది డ్రామా సిస్టర్.

"నేను భర్తనండీ."

"తెలిసిందిలెండి. తోడు వచ్చినవాళ్లు బయట కూర్చోవాలి."

"అక్కా, నువ్వు చెప్పు!" అన్నాడు నవ్వుతూ.

"రూలు రా," అన్నాను. మరదలి భుజం పట్టుకుని పక్కనే ఉన్న నా డ్రెస్సింగ్ రూములోకి అడుగేశాను. డ్రామా సిస్టర్ నాకూ అడ్డంగా నిలబడింది. ఈసారి చంకలో చీపురుకట్ట లేదు.

"మీరూ బయటే సిస్టర్. మీరు కూడా వాళ్ల తరఫే."

నా సొంత ఆస్పత్రి, నా సొంత డ్రెస్సింగ్ రూము! ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. మింగేశాను. మరదలు వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లింది. తలుపు పడింది.

బయట బెంచీ మీద అక్కాతమ్ముళ్లం పక్కపక్కన కూర్చున్నాం. వాడి మోకాలు ఆగకుండా ఊగుతోంది. చిన్నప్పుడు పరీక్ష ముందు అలాగే ఊగేది. అప్పట్లో దాని మీద చెయ్యి వేసి ఆపేదాన్ని.

"ఇంతసేపేంటక్కా?"

"ఎక్స్‌రే తియ్యొద్దూ?"

"ఏం అడుగుతారు లోపల?"

"ఎలా పడిందని అడుగుతారు."

"నువ్వు చెబుతావుగా, బాత్రూములో పడిందని. నువ్వు చెబితే ఇక్కడ ఎవరు కాదంటారు?"

"అడిగినప్పుడు చెబుతాను," అన్నాను. డ్రెస్సింగ్ రూముకి వెనక ఇంకో తలుపుంది. ఉతికిన దుప్పట్లు ఆరేసే వరండాలోకి తెరుచుకుంటుంది. బయల్దేరేముందు గొడుగు తెచ్చే నెపంతో నేను ఫోన్ చేశాను కాబట్టి, ఆ వరండా చివర ప్రశ్నల మేడం కారు ఆగి ఉంటుందని నాకు తెలుసు, వాడికి తెలియదు. ఆ గంటా నేను వాడితో వానల గురించి, డ్రైవింగ్ స్కూలు గురించి, వాడి చిన్నప్పటి అల్లరి గురించి కబుర్లు చెబుతూ కూర్చున్నాను. వాణ్ని కదలనివ్వలేదు. నా బతుకులో అంత తీయగా మాట్లాడింది లేదు, అంత విషం మనసులో పెట్టుకున్నదీ లేదు.

తలుపు తెరుచుకుంది. డ్రామా సిస్టర్ నా వంక చూసి కళ్లు మూసి తెరిచింది. వెళ్లిపోయిందన్నమాట. ఆవిడ వెనకే, ఆస్పత్రి నుంచి కబురెళ్లి, ముందు గుమ్మంలోంచి పోలీసావిడ ఒకామె గొడుగు విదిలిస్తూ లోపలికొచ్చింది.

"చెయ్యి విరిగినామె భర్త ఎవరు?"

తమ్ముడు లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడం, అది జారిపడింది. మా అక్క ఇక్కడే నర్సు. అడగండి. అక్కా, చెప్పు!"

నేనూ లేచాను. కాగితాల కట్ట నా సంచిలోనే ఉంది. వాడు కారు నిలిపి వచ్చేలోపు నా అరలోంచి తీసి పెట్టుకున్నాను. బెంచీ మీద ఒక్కొక్కటే పరిచాను.

"ఐదేళ్లలో ఇరవై మూడుసార్లు," అన్నాను. "ఇది నా చేతిరాత. ప్రతిసారీ ఎక్కడ తగిలిందో చెబుతాను, రాసుకోండి."

వాడు ఆ కాగితాల వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. అప్పుడు వచ్చింది వాడి అసలు గొంతు. అరుపు కాదు. మెల్లగా, పళ్ల మధ్యనుంచి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, మరదలు ఐదేళ్లు విన్న గొంతు అది. "అన్నిసార్లూ కట్టు కట్టింది నువ్వే కదే. నన్ను పట్టిస్తే నువ్వు మిగులుతావా?"

"మిగలను," అన్నాను. పోలీసావిడ వైపు తిరిగాను. "అమ్మా, ఇది కూడా రాయండి. మొదటిసారే ఆ పిల్ల నాతో చెప్పింది. వాడి కోపం పాలపొంగు, సర్దుకుపొమ్మన్నాను. అదే ముందు రాయండి, ఆ తర్వాతే మిగతావి."

ఆ వాంగ్మూలం వల్ల ఆస్పత్రిలో నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. బంధువుల్లో సగం మంది తమ్ముణ్ని జైలుకి పంపిన రాక్షసి అన్నారు. అనుకోనీ. బెయిలు మీద వచ్చి తలుపు కొడితే వాడి బట్టల పెట్టె మెట్ల మీద పెట్టి గడియ వేసుకున్నాను. "అక్కా" అని ఏడ్చాడు. తలుపుకి ఇవతల నిలబడి ఆ ఏడుపు మొత్తం విన్నాను. ఒక్క ముక్క వదల్లేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మరదలు పిండికట్టు తీయించుకోవడానికి డ్రెస్సింగ్ రూముకి వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఊరికి అవతల ఒక గది తీసుకుంది, మళ్లీ మిషను కుడుతోంది. నేను లేచి తలుపేశాను.

"ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా? ఎవరంటేనైనా భయముందా?" మొహంలోకి చూసి అడిగాను. ఇప్పుడు ప్రతి పేషెంటునీ అడుగుతాను.

"లేదు," అంది. ఆగి, "నేను మిమ్మల్ని క్షమించలేదు వదినా. మీకు తెలియాలి."

"తెలుసు. క్షమించమని నేనడగను కూడా."

కట్టు కోశాను. లోపల చెయ్యి సన్నగా, పాలిపోయి ఉంది. తడిదూదితో తుడుస్తున్నాను. తలొంచుకునే అడిగింది, "ఆయనెలా ఉన్నారు?"

"వాయిదాలకి తిరుగుతున్నాడు. డ్రైవింగ్ స్కూలు మూతపడింది, పెళ్లాం చెయ్యి విరగ్గొట్టినవాడి పక్కన కూర్చుని ఎవరు నేర్చుకుంటారు? మొన్న కోర్టు దగ్గర కనపడ్డాడు. నన్ను చూసి పక్క సందులోకి దూరాడు."

మరదలు తలెత్తింది. ఐదేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ పిల్లకి బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు తెలియనే లేదు.

"ఇంకోసారి చెప్పండి వదినా," అంది.

మొదటినుంచీ మళ్లీ చెప్పాను.